బాస్ కోసం వెళ్ళిన ఆదివారం

పోయిన శనివారం మా అమ్మాయి మైత్రి స్కూల్ బ్యాగ్ ఉతుకుదామని బోర్లించేసరికి గుప్పున నీచు వాసన కొట్టింది. ముందురోజు వాళ్ళ టీచరు క్లాసు మొత్తాన్నీ పక్క పార్కులో ఉన్న మడుగు దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లలకి తలా ఒక చిన్న వల ఇచ్చి, నీళ్ళలో ఏమేం ఉంటాయో చూపించిందట. మా ఘనురాలు చూసి ఊరుకోకుండా రెండు నత్తగుల్లల్నీ, గుప్పెడు నాచునీ టిష్యూలో చుట్టి బ్యాగు అడుగున దాచుకొచ్చింది. అబ్బ, ఏం నీచే ఇది అని నేను ముక్కు మూసుకుంటే, నీచు అంటే ఏంటని ఇంగ్లీషులో అడిగింది. ఆ వాసనకి ఇంగ్లీషులో మాట వెతికాను, దొరకలేదు. చేపల వాసన అని చెప్పి తప్పించుకున్నాను గానీ, నీచంటే ఒక్క చేపే కాదు కదా. చేపలు తిరిగే నీళ్ళు, ఆ నీళ్ళలో నానిన చేతులు, ఆ చేతులు తుడుచుకున్న బట్టలు, ఆ బట్టలతో బస్సెక్కితే దూరం జరిగి కూర్చునే మనుషులు, ఇవన్నీ కలిస్తే నీచు. ఆ బ్యాగు పట్టుకుని సింకు దగ్గర నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే నా ఆరేళ్ళ వయసులోకి వెళ్ళిపోయాను.

నేను పుట్టింది అమలాపురంలో, అమ్మమ్మ వాళ్ళింట్లో. నాకు మూడున్నరేళ్ళప్పుడు నాన్న ఇంగ్లండ్ వచ్చేశాడు. ఇక్కడ డాక్టరుగా పనిచెయ్యాలంటే రాయాల్సిన పరీక్ష కోసం ఈస్ట్ హామ్‌లో ఒక ఫ్లాట్‌లో, తనలాంటి డాక్టర్లే మరో ఏడుగురితో కలిసి, నేల మీద పరుపులు పరుచుకుని చదివాడట. ఆ పరీక్ష గట్టెక్కి, కోవెంట్రీలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికి, అమ్మనీ నన్నూ పిలిపించుకునేసరికి రెండున్నరేళ్ళు పట్టింది. ఈ రెండున్నరేళ్ళూ నన్ను పెంచింది మా తాతయ్య. పోస్టాఫీసులో స్టాంపుల కౌంటరు ఆయనది. సాయంత్రం ఇంటికొచ్చి నన్నెత్తుకుంటే చొక్కా నిండా జిగురు వాసన, జేబులో నాకోసం కొన్న జీళ్ళ పొట్లం. అమ్మా, పిన్నీ, మావయ్యా ముగ్గురూ ఆయన్ని నాన్నా అని పిలిచేవాళ్ళు కాబట్టి నేనూ నాన్నా అనే పిలిచేదాన్ని. తాతయ్యా అనాలే అని ఎవరైనా దిద్దబోతే ఆయనే, పిలవనివ్వండి, అరిగిపోతానా ఏంటి అని నవ్వేసేవాడు. అలా ఆ మాట ఆయనకి బుక్కైపోయింది. గోడమీద ఫోటోలో ఉన్నాయన మీ నాన్న అని అమ్మ రోజూ చూపించేది. నేను రోజూ తలూపేదాన్ని. కానీ ఫోటోని ఎవరూ ఏ పేరుతోనూ పిలవరు కదా.

బయల్దేరేముందు అమ్మ నాకు మర్యాదలు నేర్పింది. అక్కడ పెద్దవాళ్ళెవరు కనిపించినా నమస్తే అంకుల్, నమస్తే ఆంటీ అనాలి, అన్నయ్యా అత్తయ్యా అనకూడదు, అది అక్కడి పద్ధతి అని దారిపొడుగునా చెప్పింది. విమానం దిగి, తోపుడు బండిమీద సామానుతో బయటికొస్తే, పొడుగు కోటు వేసుకున్న సన్నపాటి మనిషి పరిగెత్తుకొచ్చి నాముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నేను అమ్మ చెప్పినట్టే రెండు చేతులూ జోడించి "నమస్తే అంకుల్" అన్నాను. అమ్మ నవ్వింది, కారు తెచ్చిన స్నేహితుడు నవ్వాడు, నాన్న కూడా నవ్వాడు. ముగ్గురిలోకీ నాన్నే ఎక్కువసేపు నవ్వాడని, ఆ నవ్వు చూస్తే భయమేసిందని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది.

మా కాపురం ఆసుపత్రి ఆవరణలోనే, డాక్టర్ల కుటుంబాలకిచ్చే మూడంతస్తుల పాత క్వార్టర్స్‌లో. మేం వచ్చింది మే నెల చివర. రాత్రి తొమ్మిదైనా పోని ఆ వెలుతురు నాకు పెద్ద వింత. సూర్యుడికి నిద్ర రాదా అని అమ్మని వేధించేదాన్ని. మెట్లమీద ఒక్కో అంతస్తుకీ ఒక్కో వాసన, కింద మలయాళీ ఆంటీ వాళ్ళ కొబ్బరినూనె, మధ్యలో పంజాబీ వాళ్ళ నెయ్యి, పైన మా పోపు. అమ్మ ఊరినుంచి తెచ్చిన చల్లమిరపకాయలు ఒకసారి వేయించేసరికి పొగకి అలారం మోగి మూడంతస్తుల వాళ్ళూ పిల్లాజెల్లాతో కార్ పార్కులో నిలబడాల్సి వచ్చింది. ఆ కార్ పార్కులోనే మా ఆటలన్నీ. సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళం, అంబులెన్సు వస్తే గోడవారకి పరిగెత్తి, అది వెళ్ళాక మళ్ళీ వచ్చి ఎవరి గడిలో వాళ్ళు ఒంటికాలిమీద నిలబడేవాళ్ళం. వారం తిరిగేసరికి నాకు అందరూ అలవాటయ్యారు, ఒక్క నాన్న తప్ప.

అంకుల్ అనొద్దన్నారని మానేశాను. నాన్నా అనడానికి నోరు రాలేదు. పోనీ డాడీ అనమని అమ్మ మధ్యేమార్గం చెప్పింది, అదీ రాలేదు. ఏ పిలుపూ లేకుండా బతకడం నేర్చుకున్నాను. ఆయనతో ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆయన చూసేదాకా ఆగి, అప్పుడు మాట్లాడేదాన్ని. అదీ మీరు, మీకు అంటూ, చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు. ఆయన బాత్రూములో ఉండగా ఫోనొస్తే తలుపు కొట్టి ఊరుకునేదాన్ని. ఆదివారం మాత్రం అమ్మ ఫోన్ కార్డు వెనక గీకి, ఆ పొడుగాటి నంబరంతా నొక్కి అమలాపురం కలిపి ఇస్తే, రిసీవరు రెండు చేతులా పట్టుకుని "నాన్నా, నువ్వెప్పుడొస్తావు? నన్నెప్పుడు తీసుకెళ్తావు నాన్నా?" అని మాటకొకసారి పిలిచేదాన్ని. అసలు నాన్న అక్కడే సోఫాలో కూర్చుని ఆ కార్డు వేళ్ళమధ్య తిప్పుతూ వినేవాడు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడేమీ అనిపించలేదు.

జులైలో ఒక సాయంత్రం అమ్మా నాన్నా వంటింట్లో మాట్లాడుకుంటుంటే విన్నాను. పిల్ల తిండి సరిగా తినడం లేదు, బెంగ పెట్టుకుంది. ఆగస్టులో పిన్ని వాళ్ళాయన పనిమీద లండన్ వస్తున్నాడు, తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని పంపేద్దాం, ఇంకో రెండేళ్ళు అక్కడే చదువుకుంటుంది, తాతయ్య కూడా పంపమంటున్నాడు అని అమ్మ ఏడుస్తూ చెబుతోంది. నాన్న, "ఇప్పుడు పంపితే మళ్ళీ అంకుల్‌నే అయిపోతాను సుజాతా" అన్నాడు. సెలవులయ్యేదాకా చూద్దాం, అప్పటికీ కుదురుకోకపోతే నీ ఇష్టం అని కూడా అన్నాడు. నేను సంతోషం పట్టలేక మంచం మీద గెంతాను. నాలుగు వారాలు కళ్ళు మూసుకుంటే అమలాపురం వెళ్ళిపోవచ్చు.

ఆ నాలుగు వారాల్లో నాన్న చెయ్యని ప్రయత్నం లేదు. గులాబీరంగు సైకిలు తెచ్చాడు. ఎక్కాను, దిగాను, థాంక్యూ అన్నాను. ఐస్‌క్రీమ్ వ్యాను పాట వినిపిస్తే ఆసుపత్రి కోటుతోనే పరిగెత్తేవాడు. ఇలా ఉండగా ఒకరోజు రోగులు కూర్చునే హాల్లో దొరికిన పాత అమెరికా పత్రికొకటి పట్టుకొచ్చాడు. అందులో ఒక పెద్ద సరస్సు, పడవలో టోపీ పెట్టుకున్న తండ్రి, నా అంత కూతురు, ఇద్దరి మధ్యా నోరు తెరిచిన పచ్చటి చేప. కింద బాస్ ఫిషింగ్ అని రాసుంది, బాస్ అంటే ఆ చేప పేరట. ఆ బొమ్మలో చేప సంగతేమో గానీ, ఆ పిల్ల తండ్రి భుజం మీద చెయ్యేసి ఉంది. నాన్న చూసింది దాన్నేనని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మనమూ బాస్‌ని పట్టడానికి వెళ్దాం అని ప్రకటించాడు. ఇన్నాళ్ళూ మీ బాసే మిమ్మల్ని పట్టుకుంటున్నాడు, పోన్లెండి, ఒక ఆదివారమైనా మీరు పట్టుకోండి అని అమ్మ ఆటపట్టించింది. ఆ ఒక్క ఆదివారం ఖాళీ కావాలని రోటా మార్పించుకుని రెండు శనివారాలు వేరేవాళ్ళ డ్యూటీ కూడా చేశాడట.

నాన్న నరసాపురం కాలవగట్టున పెరిగినవాడు. గాలం, బెండు, ఎర అంటే ఆయనకి ప్రాణం. శనివారం వాన వెలిసాక నన్ను క్వార్టర్స్ వెనక్కి తీసుకెళ్ళి, వంటింటి చెంచాలతో మట్టి తవ్వి వానపాముల్ని ఐస్‌క్రీమ్ డబ్బాలో వేయించాడు. ముందు అసహ్యమేసింది, తర్వాత ఎవరెక్కువ తీస్తారో చూద్దామంటే నేనే గెలిచాను. ఆ చెంచాలతో మాకు మళ్ళీ పెరుగన్నం పెట్టడానికి వీల్లేదని అమ్మ వాటిని చెత్తలో పారేసింది. మర్నాడు పొద్దున్నే ఎవరో వాడి అమ్మేసిన గాలపు కర్ర, మడత కుర్చీ, పులిహోర డబ్బా, పెరుగన్నం, దుప్పటి, ఇవి కాక ఉప్పూ పసుపూ వేసి ఉంచిన స్టీలు మూతగిన్నె పట్టుకుని రెండు బస్సులు మారి ఊరి బయట సరస్సుకి వెళ్ళాం. చేప పడగానే కడిగి అక్కడికక్కడే ఉప్పూ పసుపూ పట్టించేస్తే ఇంటికెళ్ళేసరికి చెడిపోదని అమ్మ ముందుచూపు. చింతపండు నానబెట్టి మరీ బయల్దేరింది.

సరస్సు కాపలాదారు ఒక తెల్ల ముసలాయన, ఎండకి ఎర్రబడ్డ చెవులు, గొంతులో పిల్లికూతలు. నాన్న పత్రిక తీసి చూపిస్తే ఆయన ఆ బొమ్మనీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, ఇది అమెరికా చేప, మా దేశంలో సరస్సుల్లో ఉండదు, ఇక్కడ దొరికేది దీనికి దూరపు చుట్టం, పర్చ్ అంటాం, అదీ జానెడే ఉంటుంది అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇక్కడ పట్టిన చేపని పట్టినట్టే నీళ్ళలో వదిలెయ్యాలి, ఇంటికి తీసుకెళ్ళకూడదు, అది రూలు. అమ్మకి నాన్న తెలుగులో చెబితే ఆవిడ నమ్మలేదు. వదిలెయ్యడానికైతే ఎందుకండీ పట్టడం అని మూతగిన్నె ఒళ్ళో పెట్టుకుని చెట్టుకింద దుప్పటి మీద కూలబడింది.

వంతెనలాంటి చిన్న చెక్కల గట్టుమీద నాన్న నన్ను మడత కుర్చీలో కూర్చోబెట్టి, ఎర గుచ్చి, నా చేతుల మీద తన చేతులు పెట్టి గాలం వేయించాడు. బెండు నీళ్ళమీద నిటారుగా నిలబడింది. ఆ తర్వాత ఎంతసేపని కూర్చున్నామో. తూనీగలు కర్ర కొసమీద వాలి లేచేవి, బాతులు వచ్చి పులిహోర కోసం అమ్మ చుట్టూ చేరేవి, ఎండ వేడి మా ఊళ్ళో ఎండలా కాక వీపు మీద గోరువెచ్చగా తగిలేది. బెండునే చూస్తూ ఉండాలి కాబట్టి ఒకరి మొహం ఒకరం చూసుకోనక్కర్లేదు. అందుకేనేమో నాన్న మొదటిసారి నాతో ఆగకుండా మాట్లాడాడు. బడి ఎగ్గొట్టి కాలవలో జెల్లలు పట్టడం, జెల్ల ముల్లు గుచ్చుకుని చెయ్యి గుమ్మడికాయంత వాచిపోవడం, ఇంట్లో చెప్పలేక ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని ఎడంచేత్తో అన్నం తినడం, అన్నీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాతేమైంది అని అడిగాను కూడా. అడిగేశాక గుర్తొచ్చింది, ఎదురుగా వెళ్ళి నిలబడకుండానే అడిగానని.

మధ్యాహ్నం అయ్యాక నాన్న అమ్మకి టీ తెస్తానని, నన్ను కుర్చీలోంచి లేవొద్దని చెప్పి కాపలాదారు గుడిసె వైపు వెళ్ళాడు. గుడిసెకీ మాకూ మధ్య మనిషెత్తు తుంగ. అక్కడినుంచి చూస్తే నీళ్ళు కనబడతాయి, గట్టు కనబడదు. ఆయన అటు వెళ్ళాడో లేదో బెండు రెండుసార్లు ఊగి, బుడుంగున మునిగిపోయింది. కర్ర నా చేతుల్లోంచి ముందుకి వంగింది. ప్రాణమున్నది ఒకటి అవతలినుంచి నన్ను లాగడం నాకు అదే మొదలు. ఉన్న బలమంతా పెట్టి "నాన్నా" అని అరిచాను. బాతులతో గొడవపడుతున్న అమ్మ ఇటు తిరిగి చూసి, చేప చిక్కిందని తెలిసి సంబరంగా "ఏవండీ, పడిందండీ, పడింది" అని కేకేసింది.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పాలి. గాలానికి చేప చిక్కినా పడిందనే అంటాం, ఆడపిల్ల నీళ్ళలో జారినా పడిందనే అంటాం. నేను మగపిల్లాణ్ణయి ఉంటే పడ్డాడు అనేవాళ్ళు, ఏ గొడవా ఉండేది కాదు. తుంగ అవతల రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో ఉన్న నాన్నకి ముందు నా అరుపు, వెనకే అమ్మ కేక వినిపించాయి; కళ్ళముందు నీళ్ళు అల్లకల్లోలంగా కనిపించాయి. కప్పులు ఎటు పోయాయో తెలియదు. బూట్లతో, ప్యాంటుతో, మెడలో ఉన్న ఆసుపత్రి కార్డుతో సహా తుంగలోంచి నేరుగా సరస్సులోకి దూకేశాడు.

నడుము లోతు నీళ్ళు, కింద మోకాలి దాకా బురద. దూకిన ఊపుకి కళ్ళజోడు ఎగిరి నీళ్ళలో పడింది. అది లేకపోతే నాన్నకి నాలుగడుగుల దూరంలో మనిషి ఆనడు. వంగి, రెండు చేతులూ నీళ్ళలో ముంచి, చిన్నీ, చిన్నీ అని నా ముద్దుపేరు పిలుస్తూ అడుగంతా తడుముతున్నాడు. నాచు చేతికొస్తే నా జుట్టనుకుని పైకి లాగుతున్నాడు, చూసి పారేసి మళ్ళీ మునుగుతున్నాడు. అమ్మ గట్టుమీంచి ఇక్కడే ఉందండీ అని అరుస్తోంది గానీ ఆ నీళ్ళ చప్పుడులో ఆయనకి వినపడటం లేదు. నేను ఆయన వెనక పదడుగుల దూరంలో పొడిబట్టలతో నిలబడి ఉన్నాను. నాకోసం ఒక మనిషి అలా వెతుకుతుంటే చూడటం, చూస్తూ అక్కడే ఉండటం ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పలేను. ఏడుపొచ్చింది. కర్ర వదిలేసి గట్టు చివరిదాకా వెళ్ళి, "నాన్నా, నేనిక్కడున్నాను. నువ్వు బయటికొచ్చెయ్" అన్నాను.

అరవలేదు, మామూలుగానే అన్నాను. అమ్మ అంత అరిచినా వినపడనిది అదెలా వినపడిందో మరి, తిరిగాడు. నా వైపు మసగ్గా చూస్తూ, చేతిలో నాచు అలాగే పట్టుకుని, బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నాడు. నా గౌను కూడా తడిసి నీచు కంపు కొట్టింది. నేను వదిలించుకోలేదు.

ఈలోపు కాపలాదారు ముసలాయన పరిగెత్తుకొచ్చి, జారిపోబోతున్న కర్రని అందుకుని, చేపని వలలోకి తీశాడు. చేతులు ముందు నీళ్ళలో తడుపుకోవాలని, పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒళ్ళు కాలినట్టవుతుందని చెబుతూ మెల్లగా గాలం విప్పాడు. నేను సరిగ్గా చూడాలని అమ్మ దగ్గరున్న మూతగిన్నె అడిగాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, ఉప్పూ పసుపూ పారబోసి, మూడుసార్లు శుభ్రంగా కడిగి, సరస్సు నీళ్ళు నింపి ఇచ్చింది. పచ్చటి ఒళ్ళు, అడ్డంగా నల్ల చారలు, ఎర్రటి రెక్కలు, వీపుమీద ముళ్ళు విప్పుకుని ఆ చేప గిన్నెలో రెండు చుట్లు తిరిగింది. నాన్నకి కళ్ళజోడు లేదు కాబట్టి అదెలా ఉందో నేనే చెప్పాను. తర్వాత ఇద్దరం గిన్నె చెరో పక్కా పట్టుకుని నీళ్ళలోకి వంచాం. దుప్పటి చుట్టుకుని బస్సులో కూర్చున్న నాన్నని చూసి డ్రైవరు ఏమీ అడగలేదు. మర్నాడు రౌండ్స్‌లో మాత్రం పాత కళ్ళజోడు దారంతో కట్టుకుని వెళ్తే అసలు బాస్ అడిగాడట, చెప్పక తప్పలేదట. ఆదివారం రాత్రి మా పులుసు బంగాళాదుంపలతో.

ఆ ఆదివారం సాయంత్రమే అమలాపురం ఫోను కలిపారు. నేను రిసీవరు లాక్కుని, "నాన్నా, ఇవాళ ఏమైందో తెలుసా? నాన్న నీళ్ళలో దూకాడు" అని గబగబా చెప్పబోయి నాకే అయోమయమై ఆగిపోయాను. తాతయ్య కథంతా విన్నాడు, చేప ఎంతుందో అడిగాడు, నాన్నకి జలుబు చేసిందేమో కనుక్కోమన్నాడు. ఆఖర్న, "ఇద్దరు నాన్నలైతే నీకే తికమక తల్లీ. నన్నింక తాతయ్యా అని పిలు" అన్నాడు. నన్ను పంపమని ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఫోను పెట్టేసి ఆయన చాలాసేపు వీధరుగు మీదే కూర్చున్నాడని అమ్మమ్మ చెప్పింది, నేను పెద్దయ్యాక.

ఆ క్వార్టర్స్ ఇప్పుడు లేవు, పడగొట్టి ఇళ్ళు కట్టేశారు. ఫోన్ కార్డులు లేవు. తాతయ్య పోయి ఎనిమిదేళ్ళయింది. చల్లమిరపకాయలు మా ఇంట్లో తినేవాళ్ళే తగ్గిపోయారు. మైత్రికి నేను చెప్పేదంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. వాళ్ళ తాతతో, అంటే మా నాన్నతో మాట్లాడేటప్పుడు మాత్రం రోజుకి రెండు మూడు తెలుగు మాటలు దానంతటదే కలుపుకుంటుంది. సరస్సు ఉంది. గాలం వెయ్యడానికి లైసెన్సు ఇప్పుడు ఫోనులోనే వచ్చేస్తుంది, వచ్చే ఆదివారానికి నాన్నా నేనూ తీసేసుకున్నాం.

పోయిన శనివారం భోజనాల దగ్గర నాన్న మైత్రికి ఆ కథ చెప్పాడు. రిటైరయ్యాక ఆయన చెప్పే ప్రతి కథా పొడుగవుతోంది, ఇదొక్కటీ అలాగే ఉంది. మీ అమ్మ నాన్నా అని ఒక్క అరుపు అరిచింది, అంతే, దూకేశాను అంటాడు. రెండోసారి నేను పిలిచింది చెప్పడు. ఆ కంగారులో గుర్తులేదేమో. ఆ మొదటి అరుపు సంగతి పాతికేళ్ళుగా నాలో ఉండిపోయింది. మైత్రి లేచి వెళ్ళాక కంచాలు తీస్తూ అనేశాను.

"ఆ మొదటిసారి నేను పిలిచింది తాతయ్యని, నాన్నా. నిన్ను కాదు."

నాన్న మంచినీళ్ళు తాగుతున్నవాడు తాగడం పూర్తిచేసి గ్లాసు బల్లమీద పెట్టాడు.

"తెలుసమ్మా" అన్నాడు. "కానీ అక్కడ పలకడానికి నేనొక్కణ్ణే ఉన్నాను కదా."